వీరాస్వామయ్య గారి దారిబత్తెం

ఏనుగుల వీరాస్వామయ్య గారు మనవంటి కొలువు మనిషే. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి. 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. రైళ్లు లేని కాలం. నడిచిన రోజైనా, వానకు ఆగిన రోజైనా అంతమందికీ బత్తెం తప్పదు. అందుకే మజిలీ మజిలీకీ దూరం, నీటివసతి, దొరికే సరుకులు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారికి రాస్తూ వచ్చారు. 1838లో అదే 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది.

మన టి.ఏ. బిల్లుల్లో మైలేజీ వేరు, డి.ఏ. వేరు కదా! పెన్షను సొమ్ముతో దూరయాత్ర తలపెట్టే సోదరులు మైళ్లతోపాటు రోజులనూ లెక్కగట్టాలి. ఆగే రోజులకు కొంత, తిరుగుదారికి కొంత ముందే విడిగా ఉంచుకుంటే పరాయి ఊళ్లో చెయ్యి చాచనక్కరలేదు.