ఊరందరిది కుంభరాశేనా?

మీ తాత పేరు నా నోటితోటి చెప్ప. మా కాలపోళ్లకు అది అలవాటు లేదు. మొదటి అక్షరం 'సా' అనుకోండ్రి. గో, సా, సీ, సూ, ఈ నాలుగక్షరాలు శతభిషానివి. శతభిషం అంటే కుంభరాశి. ఆయన పుట్టిన తారీకు ఎవ్వలు రాసిపెట్టలేదు, జాతకం లేదు, అందుకే నామనక్షత్రంతోటే నడిచింది జిందగంత. ఆ లెక్కన 1990ల, ప్రమోదూత సంవత్సరంల, శని మకరంల అడుగుపెట్టంగనే ఆయనకు ఏలినాటి శని పట్టింది.

మీకు ఎర్కలేందేం గాదు గని మల్ల చెప్త. శని ఒక్కో రాశిల రెండున్నర ఏండ్లుంటడు. మన రాశికి ఎనుకటి రాశిల రెండున్నర, మన రాశిల రెండున్నర, ముంగటి రాశిల రెండున్నర, అన్ని కలిపితే ఏడున్నర. మొదాలు తలకాయ మీద, ఎనుక గుండె మీద, కడకు కాళ్ల మీద కూసుంటడంటరు. ఎవుసం చేసేటోళ్లకు ఈ లెక్కలు వేళ్ల కణుపుల మీద ఉంటుండె. పంచాంగమంటే మాకు పెండ్లి ముహూర్తాలకే గాదు. రోహిణిల ఎండ ఎట్ల కొడ్తది, మిరుగం ఎప్పుడు పెడ్తది, ఆరుద్రల ఏం గింజ ఎయ్యాలె, అన్ని అండ్లనే చూస్తుంటిమి. సూర్యుడు ఒక్కో నక్షత్రంల పదమూడు, పద్నాలుగు దినాలుంటడు, అదే కార్తె. ఆ లెక్క మమ్ముల ఎన్నడు మోసం చెయ్యలేదు. కార్తెలు నిజమైనంక శని గూడ నిజమేనని నమ్మినం. అండ్ల విచిత్రమేం లేదు.

ఇగ పొలం ముచ్చట. గండిగూడెం తోవల, వాగు పొంటి మనకు జర తరి ఉండె, బాయి ఉండె. డెబ్భైలల్ల పటాన్‌చెరుల కంపెనీలు లేసుడు సురువైంది. ఇందిరమ్మ 1980ల మన మెదక్ నుంచి ఎంపీగ గెలిచింది, ఇగ మన దిక్కు తిరుగుండదన్నరు. ఆ తర్వాత బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం దాక పొగగొట్టాలే. ఎక్కువ మందుల కంపెనీలు. గోలీలు గాదు, గోలీల కలిపే అసలు మందు చేసేటియి. మేం సంబురపడ్డం బిడ్డా, అబద్ధం చెప్ప. వానకు మొకం చూసేటోళ్లకు నెలకు జీతమంటే మాటలా?

ఒకయేడు మిరుగం వాన కొట్టిన మర్నాడు వాగు ఎర్రగ వచ్చింది. ఎవ్వలు ఏమనలేదు. కొత్తనీళ్లు ఎర్రగనే ఉంటయి కద, మట్టి కొట్టుకొస్తది. గని కొత్తనీళ్లు రెండు మూడు దినాలకు తేరుకుంటయి. ఆ నీళ్లు తేరుకోలే. ఎర్రగున్నయి నల్లగైనయి. ఒడ్డుకు నురగ, చేతిల ఎత్తితే చెదిరిపోని గట్టి నురగ. మూడో దినం బాయిల బొక్కెన ఏసి చేదితే నీళ్ల మీద నూనె పొర లెక్క ఒకటి, ఎండకు పచ్చగ, ఊదగ మెరిసింది. దవాఖానల వచ్చే వాసన. బర్రె మూతి పెట్టి, బుస్సుమని తల ఎనుకకు తీసుకుంది. అది పశువు, దానికి పంచాంగం తెల్వది, వద్దనుకుంది. మేం తాపినం.

ఆ బర్రె సూడిది. నెలలు నిండకముందే దూడను పడేసింది. తర్వాత అది గూడ దక్కలే. వరి ఎన్ను తీసింది గని గింజ పట్టలే, అంత తాలే. నాట్లకు వచ్చే ఆడోళ్లు మోకాళ్ల దాక మంచినూనె రాసుకొని బురదల దిగుతుండె, అయినా కాళ్లు పుండ్లు పడుతుండె. కడకు 'అక్కా, కూలి పెంచినా నీ మడిల దిగం' అని మొకం మీదనే చెప్పిండ్రు.

మీ తాత ఏమన్నడు? 'శని నెత్తి మీదున్నడు, ఎట్ల పండుతది?'

అంతే. ఇగ ప్రతి శనివారం నువ్వులనూనె దీపం, నల్లనువ్వుల దానం, నవగ్రహాల చుట్టు ప్రదక్షిణలు, కాకులకు బువ్వ. గుర్రపునాడ ఉంగరం ఏసుకున్నడు. బీరంగూడ గుట్ట ఎక్కి మల్లన్నకు మొక్కిండు, రుద్రారం గణేశ్‌గడ్డకు కొబ్బరికాయలు మోసిండు. మొక్కుడు తప్పని నేననలే, నేను గూడ ఎంబడి పోయిన.

అసలు కతల ఇంకోటున్నది. మీ పెద్దబాపుకు అప్పుడే ఒక కంపెనీల పని దొరికింది. పేరెందుకు లే. ఇంట్ల మొదటి జీతం అది. ఆ పైసలతోటే ఇంటి మీద రేకులు పడ్డయి, ఆ పైసలతోటే మీ మేనత్త పెండ్లి కుదిరింది. పిల్లగాడు రాత్రి డ్యూటీ చేసి వచ్చేటాలకు కండ్లు చింతనిప్పులు, అంగీ ఇప్పితే బాయి నీళ్ల వాసనే. అదే వాసన! నా ముక్కుకు తెల్సింది, ఆయన ముక్కుకు తెల్వదా? తెల్సు. గని వాసన ఒకటేనని ఒప్పుకుంటే మర్నాడు కొడుకును పనికి ఎట్ల పంపుతడు? కొట్లాటకు దిగితే ఎవలి మీదికి దిగాలె? శని అయితే ఎంత సుకం చెప్పుండ్రి. శని మీద కేసెయ్యనక్కర్లేదు, శని కొడుకును పనిల నుంచి తీసెయ్యడు, పైంగ ఏడున్నర ఏండ్లకు తానే లేచి పోతడు. మీ తాత అమాయకుడని అనుకోకుండ్రి. లెక్క తెల్సిన మనిషి. తెల్సే కండ్లు మూసుకున్నడు.

ఆ మూసుకున్న కండ్లను మొదాలు కదిలిచ్చింది ఎవరనుకున్నరు? సదువుకున్నోళ్లు గాదు, లీడర్లు గాదు. మా ఊర్ల పంచాంగం చెప్పే అయ్యగారు.

శ్రీముఖ సంవత్సరం ఉగాది, అంటే 1993. శని కుంభంలకు వచ్చిన యేడు, మీ తాతకు జన్మశని. పంచాంగం చదువుడైనంక మంది ఒక్కొక్కలు ముంగటికి పోయి వాళ్ల రాశి చెప్పి అడుగుతున్నరు. ఒకనిది మేషం, బర్లు చస్తున్నయన్నడు. ఒకనిది సింహం, పంట తాలు పోయిందన్నడు. కిష్టారెడ్డిపేట నుంచి వచ్చినాయనది తుల, ఒళ్లంత దురద. సుల్తాన్‌పూర్ నుంచి వచ్చినామెది మిథునం, పిల్లగానికి దమ్ము. మీ తాత వంతు వచ్చింది. 'కుంభం, అయ్యగారూ. జన్మశని. బాయి కరాబైంది.'

అయ్యగారు పంచాంగం మూసి ఒళ్లె పెట్టుకున్నడు. చూపుడువేలు పుస్తకం నడుమ అట్లనే ఉన్నది. జరసేపు ఏమనలే. తర్వాత అన్నడు: 'పటేలా, కుంభం శని సొంతిల్లు. సొంతింట్ల ఎవడన్న బాయిల విషం కలుపుకుంటడా? అది ఇడువు. పొద్దుగాలసంది పన్నెండు రాశులోళ్లు వచ్చిండ్రు, అందరిది ఒకటే బాధ. ఊరందరిది కుంభరాశేనా? నా పుస్తకంల అసొంటి శని లేడు.'

మంది నవ్విండ్రు. మీ తాత నవ్వలే. మొకం నల్లగైంది. సంభావన పళ్లెంల ఎయ్యకుండనే లేచి వచ్చిండు. ఇంటికొచ్చి 'ఆ బాపనాయనకు శాస్త్రం తెల్వది' అన్నడు. మంది ముంగట నిజం చెప్పినోని మీద వచ్చే కోపమే అది. అప్పటిసంది ఆ గడప తొక్కలే. పట్నంల ఇంకో జోతిష్యుణ్ని పట్టుకున్నడు. ఆయన నీలం ఉంగరం ఏసుకొమ్మన్నడు, ధర గూడ ఆయనే చెప్పిండు. నా మెడల గుండ్లు ఆ నీలానికి పోయినయి.

ఇప్పుడు యాదికొస్తే నాకు నవ్వొస్తది. జోతిష్యం తెల్సినాయన శని గాదన్నడు. జోతిష్యం అమ్ముకునేటాయన శనే అన్నడు. మీ తాతకు రెండో ఆయన నచ్చిండు.

ఆ దినాలల్ల పటాన్‌చెరుల డాక్టర్ కిషన్ రావు సారు కాలుష్యం మీద కొట్లాడుతుండె. వచ్చే రోగులను చూసి చూసి, ఈ రోగాలు నీళ్లకెల్లి వస్తున్నయని పట్టుకున్నడాయన. 1990లనే సుప్రీంకోర్టుల కేసు పడ్డది. కోర్టు జిల్లా జడ్జితోటి పంట నష్టం లెక్కలు కట్టిచ్చింది, ఊర్లకు తాగే నీళ్లియ్యాలెనన్నది. లెక్కలు రాసేతందుకు సార్లు ఊర్ల మీదికి వచ్చినప్పుడు మీ తాత 'మాకేం నష్టం లేదు, మా గ్రహచారం' అని చెప్పిండు. పక్క పొలపోళ్లు రాయించుకున్నరు. మన సర్వే నంబర్ కాయితం మీదికి ఎక్కలే.

ఇగ 1998. బహుధాన్య ఉగాది అయిపోయి, ఎండలు ముదిరినంక శని మీనం దాటి మేషంలకు పోయిండు. మీ తాత ఆ దినం కోసం ఖైదీ లెక్క కాసుక కూసున్నడు. తలంటు పోసుకున్నడు, నువ్వులు, నల్లబట్ట, ఇనుప చీల దానమిచ్చిండు, గుర్రపునాడ ఉంగరం తీసి వాగుల పారేసిండు. 'అయిపోయింది, ఇగ మన దినాలు' అన్నడు. పొద్దు గూకంగ ఒక్కడే పొలానికి పోయిండు. నాకెందుకో బుగులైంది, ఎనుకనే నేను పోయిన.

బాయి గడ్డమీద నిలబడి బొక్కెన ఏసిండు. చేదిండు. చూసిండు. గుమ్మరిచ్చిండు. మల్ల ఏసిండు. నీళ్లు చాయ రంగులనే ఉన్నయి. అంచుకు నురగ. దోసిట్ల పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నడు. గప్పుడు నా దిక్కు తిరిగి అడిగిండు, 'పెద్దోని అంగీ వాసన గిట్లనే ఉంటది గదా?'

'ఏండ్లసంది గిట్లనే ఉన్నది' అన్న.

తిట్టలే. శని అనలే. బొక్కెన బోర్లేసి దాని మీద కూసున్నడు. మర్నాడు పొద్దుగాల నీలం ఉంగరం నా చేతుల పెట్టి, ఖాళీ సీసా ఒకటి కడిగియ్యమన్నడు. అండ్ల బాయి నీళ్లు పట్టుకొని సీదా ఆ అయ్యగారి ఇంటికే పోయిండు, ఐదేండ్ల కింద ఇయ్యని సంభావన గూడ తీస్కొని. అయ్యగారు సీసా ఎండకు పెట్టి చూసి, 'శని పోయేటప్పుడు ఏదన్న ఇచ్చి పోతడంటరు పటేలా, నీకు కండ్లిచ్చిండు. ఈ నీళ్లు నాకెందుకు, సంగారెడ్డి పట్టుకపో' అన్నడట.

పట్టుకపోయిండు. కలెక్టరాఫీసు ముంగట ఎన్నిసార్లు కూసున్నడో, పటాన్‌చెరుల ఎన్ని ధర్నాలకు పోయిండో, ఆ ముచ్చట్లు చెప్పుకుంటపోతే తెల్లారుతది. మీ పెద్దబాపును పనికి రావద్దన్నరు. ఇంట్ల కొట్లాటలైనయి. తండ్రి కొడుకులు ఒక యేడు మాట్లాడుకోలే. మనకు పైస నష్టపరిహారం రాలే, టైంకు రాయించుకోలేదు కద. కేసు 2001ల సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు వచ్చింది, ఆడికెల్లి గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది. శని పన్నెండు రాశులు చుట్టి వచ్చేతందుకు ఇరవై తొమ్మిదిన్నర ఏండ్లు పడ్తది. ఆ కేసు సుమారు ఒక శని చుట్టంత నడిచింది.

మొన్న చిన్నోడు ఫోన్ల చదివి వినిపిచ్చిండు. 2007ల స్వీడన్ దేశపు పరిశోధకులు పటాన్‌చెరుల కంపెనీల నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేసిన లెక్క బయటపెట్టిండ్రట. శుద్ధి చేసినంక సుమా! ఆ నీళ్లల్ల లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదట. గోలీ మింగినోని నెత్తుట్ల ఉండేదానికన్న ఎక్కువ. ఆ గోలీ నాకెర్కే, ఉచ్చమంట లేస్తే డాక్టర్ రాసిచ్చిండు. రూపాయిలు పెట్టి కొన్న. వాగుల మాత్రం ఉత్తగనే పారింది. నీళ్లల్ల అంత మందు పారితే పురుగులకు ఆ మందు అలవాటైపోయి, రేపు రోగమొచ్చినప్పుడు గోలీ పనిచెయ్యదట. మీ తాత ఉంటే ఈ ముచ్చట రెండుసార్లు చదివిపిచ్చుకునేటోడు.

ఇప్పుడు ఆ పొలం లేదు, వెంచరైంది. మన అమీన్‌పూర్ పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలంది. దాన్ని 2016ల జీవవైవిధ్య వారసత్వ స్థలమన్నరు. కొంగలు, రాజహంసలు వస్తయి, కెమెరాలు పట్టుకొని మంది వస్తరు. మంచిదే. గని ఎంబడి యేడే, 2017ల, పక్కనున్న గండిగూడెం చెరువుల చచ్చిన చేపలు ఒడ్డు పొంటి తేలినయి. గప్పుడు గూడ ఎవరో చేపలకు దిష్టి తగిలిందన్నరు. నా చెవులతోటి విన్న.

మీరు బీరంగూడల ఫ్లాటు కొన్నరు. ఎండకాలం బోరు నీళ్లు పచ్చగ వస్తున్నయని, బోరు ఈశాన్యంల లేదని వాస్తు ఆయన్ని పిలిచిండ్రట. జరపాల్నంటే జరుపుకోండ్రి, నేను వద్దన. గని ముందుగాల ఒక సీసా మంచిగ కడిగి ఆ నీళ్లు పట్టుండ్రి, మీద తారీకు రాసి పరీక్షకియ్యిండ్రి. కాయితం వచ్చినంక మీ ఒక్క ఇంటోళ్లే గాదు, అపార్ట్‌మెంటోళ్లంత కలిసి సంతకాలు పెట్టి ఆఫీసుల ఇయ్యుండ్రి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండ్రి. ఈ వానకాలం రాకముందే చెయ్యిండ్రి.