ప్రేగుశోథము: చుంచెలుకలపై రక్షక మాంసకృత్తుల పరీక్ష

రాయలసీమలోని సోమందేపల్లె వంటి కరవుపల్లెలో నెత్తురు విరేచనములు పట్టిన రోగిని చూచిన, అది చెడునీటివలన కలిగిన జిగట విరేచనమో, పెద్దప్రేగు పుండ్లుపడి ఏండ్లకొలది వేధించు శోథమో పైకి తెలియదు. మొదటిది మందుతో కుదురును. రెండవది దేహరక్షణవ్యవస్థయే అదుపుతప్పి ప్రేగుగోడపై బడుటచే ముదురునది గనుక క్రిములను చంపు మందులకు లొంగదు.

లండనులో విల్క్స్ 1859లోను, న్యూయార్కులో క్రాన్ 1932లోను ఇట్టి వ్యాధులను వర్ణించిరి. కాని 1990లో జపానీయుడగు ఒకాయాసు, డెక్‌స్ట్రాన్ సల్ఫేట్ అను తెల్లని లవణమును చుంచెలుకల త్రాగునీట కలిపి, కొలది దినములలోనే వానికి నెత్తురు విరేచనములు పుట్టించిన పిమ్మటగాని పరిశోధకులకు సులువైన నమూనా దొరకలేదు. దినదినము ఎలుకను తూచుట, మలమున నెత్తురు చూచుట, తుదకు కోసి, కుంచించుకొనిపోయిన ప్రేగును స్కేలుతో కొలుచుట: పరీక్షలో ముఖ్యాంశము లివియే.

1993లో ఇంటర్‌ల్యూకిన్-10 అను రక్షక మాంసకృత్తు లోపించిన చుంచెలుకలకు ప్రేగుశోథము తనంతట వచ్చుట కనుగొనబడెను. 2000లో బెల్జియమునందు స్టైడ్లర్ ప్రభృతులు, చీజు తయారీకి వాడు బాక్టీరియాచేతనే ఆ మాంసకృత్తును ఎలుకల ప్రేగులలో స్రవింపజేసి శోథమును తగ్గించిరి. ఆ యేటనే వెలువడిన మానవపరీక్షలలో మాత్రము, సూదిమందుగ నిచ్చిన ఇంటర్‌ల్యూకిన్-10 ఆశించినంత గుణమీయలేదు.

మన తెలుగువారికి ఈ చరిత్రలో సొంతమైన ఘట్టము వేరొకటి కలదు. కొత్తగూడెమున సింగరేణి మహిళా కళాశాలలో చదివి, ఉస్మానియాలో డాక్టరేటు పొంది, శిలీంధ్రవిషములతో పరిశోధన మొదలిడిన కన్నెగంటి తిరుమలాదేవి, 2007లో అమెరికాలోని మెంఫిస్ నగరపు సెయింట్ జూడ్ ఆసుపత్రిలో చేరెను. ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అను మాంసకృత్తు లేని చుంచెలుకలు డెక్‌స్ట్రాన్ సల్ఫేట్ కలిపిన నీటికి తాళలేక అధికముగ మరణించునని ఆమె బృందము 2010లో ‘ఇమ్యూనిటీ’ పత్రికయందు ప్రకటించెను. అదే సంచికలో కెనడాకు చెందిన మాయా సాలెహ్ బృందము, ఎన్‌ఎల్‌ఆర్‌పి3తో కూడి పనిచేయు కాస్పేజ్-1 లేని ఎలుకలకు, అది సిద్ధపరచు ఇంటర్‌ల్యూకిన్-18 అను మాంసకృత్తును బయటినుండి ఎక్కించగా రోగము శమించెనని చూపెను.

ఇంతలో, అదే యేట, జర్మనులు తద్విరుద్ధముగ, ఎన్‌ఎల్‌ఆర్‌పి3 లేని ఎలుకలకే శోథము తక్కువయని ప్రకటించిరి! ఇంటర్‌ల్యూకిన్-18ను అడ్డగించినచో మేలు కలుగునని 2001లోనే ఒక పరీక్ష తేల్చియుండెను. ప్రేగున జిగురునిచ్చు కణములను అది చెరచునని 2015లో మరియొకటి చెప్పెను. ఆయా శాలల ఎలుకల ప్రేగులందలి సూక్ష్మజీవకోటి భేదమే ఇట్టి వైరుధ్యమునకు కారణము కావచ్చునని కొందరందురు. విత్తిన వేరుశనగను బ్రదికించిన వానయే, పీకి కుప్పవేసిన కట్టెను కుళ్లబెట్టుట అనంతపురపు రైతు ఎరుగనిది కాదు. ఇంటర్‌ల్యూకిన్-18 వర్తనమును నా దృష్టిలో అట్టిదే, కాలమును, మోతాదును బట్టి మారునది. విపరీతఫలమును దాచక ప్రకటించినవారి సేవ ఏమాత్రమును తక్కువ కాదు.

ఇంతకును, 1998లో అమెరికాలో క్రాన్ వ్యాధికి అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్, రోగికి కొరవడిన రక్షక మాంసకృత్తును సమకూర్చునది కాదు. శోథమును రేపు టిఎన్‌ఎఫ్ అను మాంసకృత్తును అడ్డగించునది.