స్వయం చర్యాశీల రసాయనాలు - అత్యవసర చర్యలు

స్వయం చర్యాశీల రసాయనాలు అనగా గాలిలోని ఆక్సిజన్ అవసరం లేకుండానే వేగంగా వియోగం చెంది, అధిక ఉష్ణాన్ని వెలువరించే అస్థిర పదార్థాలు. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరకుల వర్గీకరణలో ఇవి 4.1 విభాగానికి చెందుతాయి.

'''ప్రమాద స్వభావం'''

వియోగంలో పుట్టిన వేడి, వియోగాన్ని మరింత వేగవంతం చేస్తుంది. ఈ స్థితి 55 డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ, అంతకు తక్కువలో గానీ ఏర్పడే పదార్థాలను రవాణాలో ఉష్ణోగ్రత నియంత్రణలో ఉంచాలి. గాలిని అడ్డుకొన్నంత మాత్రాన వియోగం ఆగదు, చల్లబరచడమే ప్రధానోపాయం.

'''ఒలికినపుడు'''

ఉత్తర అమెరికా అత్యవసర స్పందన మార్గదర్శిని ప్రకారం ఘనపదార్థమైతే 25 మీటర్లు, ద్రవమైతే 50 మీటర్ల మేర అన్ని వైపులా ప్రజలను దూరంగా ఉంచాలి. నిప్పురవ్వలకు తావీయరాదు. ఒలికిన పదార్థాన్ని తాకరాదు. మండని తడి పదార్థంతో పీల్పించి, నిప్పురవ్వలు రాని పనిముట్లతో ఎత్తి, వదులుగా మూసిన పాత్రలో ఉంచాలి.

'''మంటలు లేచినపుడు'''

పెద్ద మంటలపై దూరం నుండి నీటిని ధారాళంగా చల్లాలి. ట్యాంకరు మంటల్లో చిక్కుకొంటే 800 మీటర్ల పరిధిని ఖాళీ చేయించాలి. ట్యాంకు రంగు మారినా, కవాటం శబ్దం పెరిగినా సిబ్బంది వెంటనే వెనుదిరగాలి. మంటలు ఆరిన తరువాత కూడా పాత్రలను చల్లబరుస్తూ ఉండాలి.

'''క్రాస్బీ ప్రమాదం'''

ఇదే స్వభావం గల సేంద్రియ పెరాక్సైడులు 5.2 విభాగానికి చెందుతాయి. 2017 ఆగష్టులో హార్వే తుఫాను వరదలకు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, క్రాస్బీలో ఆర్కెమా కర్మాగారానికి విద్యుత్తు నిలిచిపోయి, శీతలీకరణ ఆగింది. పెరాక్సైడులు వేడెక్కి మండిపోయాయి. పరిసరాల నుండి 200 మందికి పైగా ప్రజలను తరలించారు. పక్కనున్న రహదారి మీదుగా వ్యాపించిన ఆవిరుల వలన 21 మంది వైద్యసహాయం కోరారు.