సుల్తాన్ దస్తర్‌ఖాన్, పేరు లేని బావర్చీలు

రంజాన్ నెలలో అసర్ నమాజ్ కాగానే మా అమ్మీ సమోసాల కోసం కీమా పొయ్యి మీద పెడుతుంది. రోజాలో ఉంటుంది కాబట్టి రుచి చూడదు. అయినా ఉప్పు ఏనాడూ తప్పలేదు. ఆ వాసన రాగానే నాకు ఐదొందల ఏళ్ల నాటి ఒక కితాబ్ యాదికొస్తుంది. దాని పేరు 'నేమత్‌నామా'.

ఇది మాండూ సుల్తాన్ల కోసం తయారైన వంటల కితాబ్. ఇప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉన్న మాండూ అప్పట్లో మాల్వా సల్తనత్‌కి రాజధాని. షాదియాబాద్ అని కూడా పిలిచేవారు. 1469లో తఖ్త్ ఎక్కిన గియాస్ షా హుకూమత్ పనులు కొడుక్కి అప్పజెప్పి, తాను ఖానా, అత్తర్లు, షికార్ల షౌక్‌లో మునిగిపోయాడు. ఆయన కోసం మొదలైన కితాబ్ కొడుకు నాసిర్ షా హయాంలో, అంటే 1500-1510 మధ్య పూర్తయింది.

అందులో యాభై బొమ్మలున్నాయి. దాదాపు ప్రతి బొమ్మలో గుబురు మీసాల గియాస్ షా కనిపిస్తాడు. చుట్టూ ఆడవాళ్లు వండుతూ, వడ్డిస్తూ ఉంటారు. తొలి బొమ్మల్లో షీరాజ్ నక్కాషీ తెలిసిపోతుంది. పోనుపోను హిందుస్తానీ బట్టలు, మొహాలు వచ్చి చేరతాయి. రాత పెద్ద పెద్ద నస్ఖ్ అక్షరాల్లో ఉంటుంది. ఉర్దూ మీడియంలో చదివిన కళ్లు కదా, అచ్చులో వచ్చిన ఒక పేజీ బొమ్మ దొరికితే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కూర్చున్నాను. ఫార్సీ మధ్యలో మన వంటింటి మాటలు తగులుతుంటే భలే ఖుషీ అనిపించింది.

అందులో సమోసా కూడా ఉంది. ఉడికిన కీమా, ఉల్లి, శొంఠి, వెల్లుల్లి, గులాబ్ జల్‌లో నూరిన జాఫ్రాన్, వంకాయ గుజ్జు కలిపి, నేతిలో వేయించాలి. మిరపకాయ లేదు, ఆలుగడ్డ లేదు. పోర్చుగీసు ఓడల వెంట అవి మన వంటిళ్లకు చేరింది తర్వాతే.

ఈ కితాబ్ తర్వాత టిప్పు సుల్తాన్ కుతుబ్‌ఖానాకు చేరింది. ఆ కుతుబ్‌ఖానాలో దాదాపు రెండు వేల కితాబులుండేవి. మన కడప నవాబుల నుంచి పట్టుకెళ్లినవి కూడా వాటిలో ఉన్నాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అవన్నీ కంపెనీ చేతికి చిక్కాయి. నేమత్‌నామా ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

మన తారీఖ్ అంటే కోటలూ తల్వార్లే అనుకునేవాళ్లకి ఈ కితాబ్ చూపించాలనిపిస్తుంది. కానీ ఫఖ్ర్‌తో పాటు నాకో సవాల్ కూడా ఉంది. వంటల మధ్య సుల్తాన్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. పిండి పిసికిన బాందీ పేరేది? రంగులు కలిపిన నక్కాష్ పేరేది? ఒక్కటీ లేదు. ఆనాడు రియాయా ఇళ్లలో ఏం ఉడికిందని అడిగినా ఈ కితాబ్ జవాబు చెప్పదు. సుల్తాన్‌కి ఇష్టమైనవి కాబట్టి ఆ వంటలు కాగితమెక్కి బతికాయి.

మరి మన ఇళ్ల సంగతి? మా దాదీ వండే మీఠా ఎలా చేస్తారో ఇప్పుడు ఖాందాన్‌లో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో ఊరందరి కథలూ రాశాను గానీ, ఆమెను కూర్చోబెట్టి నాలుగు ముక్కలు రాసుకోలేదు. నా గఫ్లత్ అది.

అందుకే మొన్న నోట్‌బుక్ పట్టుకుని అమ్మీ పక్కన స్టూలు వేసుకున్నాను. కీమాకి ఉప్పు ఎంత అని అడిగితే నవ్వింది.

"నాప్-తోల్ కైకు రే? అందాజ్ సే డాల్‌నా."

నేమత్‌నామాలోనూ చాలా వంటలకు కొలతలుండవు. మొదటి పేజీలో వంట పేరు కంటే ముందు అమ్మీ పేరు రాశాను. కింద సమోసా అని రాసి, ఉప్పు దగ్గర కొలత ఖాళీగా వదిలేశాను.