క్షయ కాని దగ్గు

నెల్లూరు తీరానికి బోదకాలు కొత్త జబ్బేమీ కాదు. మురుగునీరు నిలిచిన చోటల్లా క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. దాని కాటుతో ఫైలేరియా పురుగు ఒంట్లో చేరుతుంది. పిల్ల పురుగులు రాత్రివేళే పైరక్తంలోకి వస్తాయి కనుక, ఫైలేరియా సిబ్బంది జనం పడుకునే వేళకు ఇంటింటికీ వెళ్లి, వేలు పొడిచి, గాజుపలక మీద రక్తపు చుక్కలు పూసుకునేవారు. పలక మీద పురుగు కనబడితే రోగం సోకినట్టు లెక్క.

ఈ లెక్కకు అందని జబ్బు ఒకటి అదే పురుగు వల్ల వస్తుంది. రోగి రక్తంలో పిల్ల పురుగు దొరకదు, కాలూ వాయదు. రాత్రి పొద్దుపోయాక దగ్గు, పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. ఎక్కువగా వయసులో ఉన్న మగవాళ్లకు వస్తుంది. వైద్యులు దీన్ని ఉష్ణమండల ఈసినోఫీలియా అంటారు. దీని చరిత్రలో పెద్ద ఘట్టాలు కొన్ని నెల్లూరికి మరీ దూరం కాని మదనపల్లె, రాయవేలూరు, మద్రాసుల్లోనే జరిగాయి.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్రైస్తవ మిషన్ల ఉమ్మడి క్షయ శానటోరియం నడిచింది. దాని పెద్ద డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ రాలేదు. క్షయ అని తేలితే ఇల్లు వదిలి నెలల తరబడి మంచాన ఉండాల్సిందే. అలాంటి అనుమానంతో చూసినవాళ్లలో కొందరి ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా సన్నని మచ్చలు ఉండేవి. క్షయ అనుకోవడానికి అవి చాలు. కానీ కళ్లెలో ఎంత వెతికినా క్షయ క్రిమి లేదు. రక్తంలో తెల్లకణాలు పెరిగాయి, వాటిలో ఈసినోఫిల్ కణాలు విపరీతంగా ఉన్నాయి. 1940లో ఫ్రిమాట్ మోలర్, బార్టన్ కలిసి ఈ స్థితిని ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో వర్ణించారు. మూడేళ్లకు వైన్‌గార్టెన్ ‘లాన్సెట్’లో ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టి, ఆర్సెనిక్ మందుతో జబ్బు తగ్గుతుందని చూపాడు. పుస్తకాల్లో ఆయన పేరే ముందుంటుంది. నా మటుకు పెద్దపీట ఆరోగ్యవరానికే వేస్తాను. వచ్చిన ప్రతి దగ్గునూ క్షయగా అనుమానించే చోట కూర్చుని, కణాలు లెక్కపెట్టి, ఇది క్షయ కాదు అనగలగడం చిన్న సంగతి కాదు.

మందు సంగతికి వస్తే భీమవరం తలచుకోవాలి. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించారు. పసిఫిక్ యుద్ధరంగంలో సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు అవసరమైంది. ఎలుకల్లో పెరిగే ఫైలేరియా పురుగుల మీద రసాయనాలు పరీక్షిస్తూ ఆయన బృందం 1947లో డైఇథైల్‌కార్బమజీన్‌ను వెలికి తెచ్చింది. హెట్రజాన్ అంటే అదే. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ మాత్ర ఈ రాత్రి దగ్గును కూడా ఆపుతుందని తేలింది ఆ తర్వాతి దశాబ్దంలో. ఫైలేరియా మందుకు లొంగింది కనుక మూలం కూడా ఫైలేరియానే అయి ఉండాలన్న అనుమానం గట్టిపడింది. 1960లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల నుంచి వెబ్, జాబ్, గాల్ట్ రుజువు చూపారు. రక్తంలో దొరకని పిల్ల పురుగులు ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫు గ్రంథుల్లో దొరికాయి.

ఇక మిగిలింది కణాల కథ. మద్రాసు క్షయ పరిశోధన కేంద్రంలో వి.కె. విజయన్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 1980లలో ఈ పని చేశారు. రోగి ఊపిరితిత్తిలోకి సన్నని గొట్టం దింపి, ఉప్పునీరు వదిలి, తిరిగి లాగి, అందులో వచ్చిన కణాలను పరీక్షించారు. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో ఈసినోఫిల్ కణాలు దాదాపు కనబడవు. వీళ్లలో దొరికిన కణాల్లో సుమారు సగం అవే. ఫైలేరియా మీద తయారైన ప్రతిరక్షకాలూ అక్కడే దండిగా ఉన్నాయి.

దీంతో రక్తపూతలో పురుగు ఎందుకు కనబడదో అర్థమైంది. తీరంలో పురుగు సోకిన వాళ్లలో చాలామంది శరీరం దాన్ని సహిస్తుంది. పిల్ల పురుగులు రక్తంలో తిరుగుతున్నా మనిషికి ఏ బాధా తెలియదు. ఒక శాతం కూడా లేని కొద్దిమంది శరీరం ఊరుకోదు. ప్రతిరక్షకాలు పురుగులను రక్తంలోంచి ఏరివేస్తాయి, అవి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి, ఈసినోఫిల్ కణాలు అక్కడ మూగుతాయి. పురుగును చంపడానికి అవి విడుదల చేసే ప్రోటీన్లు ఊపిరితిత్తి పొరనూ కాలుస్తాయి. హాని పురుగు కంటే మన రక్షణ కణాల వల్లే ఎక్కువ.

మామూలు చికిత్స మూడు వారాల మాత్రలు. కొద్దిరోజుల్లోనే దగ్గు తగ్గి, రక్తంలో ఈసినోఫిల్ సంఖ్య పడిపోతుంది. అయితే అదే మద్రాసు బృందం చికిత్స పూర్తయిన వాళ్లను మళ్లీ పరీక్షించి, కొందరి ఊపిరితిత్తుల్లో కొద్దిపాటి వాపు మిగిలే ఉందని 1990లో ప్రకటించింది. ఆ వాపు ఏళ్ల తరబడి నిలిస్తే ఊపిరితిత్తి గట్టిపడి శ్వాస తగ్గుతుంది. అందుకే దగ్గు పోయిందని రోగిని పంపేసి ఊరుకోకుండా, నెలల తర్వాత కూడా రక్తాన్నీ శ్వాస సామర్థ్యాన్నీ చూసి, అవసరమైతే మందు మళ్లీ ఇస్తారు.