కనిపించని దెబ్బకు సాక్ష్యం

1865 జూన్ 9న ఇంగ్లండ్‌లోని స్టేపుల్‌హర్స్ట్ దగ్గర ఓ రైలు పట్టాలు తప్పింది. పదిమంది చనిపోయారు. అందులోనే ఉన్న చార్ల్స్ డికెన్స్‌కి పెద్ద గాయాలేమీ కాలేదు. కిందికి దిగి, టోపీతో నీళ్లు తెచ్చి గాయపడ్డవాళ్లకు పట్టాడు. మళ్లీ పెట్టెలోకి ఎక్కి, రాస్తున్న నవల రాతప్రతి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు గొంతు పెగల్లేదు. రైలెక్కితే వచ్చే వణుకు బతికినన్నాళ్లూ పోలేదు. సరిగ్గా ఐదేళ్లకు, అదే జూన్ 9న, కన్నుమూశాడు.

డికెన్స్ కాబట్టి నమ్ముతాం. అదే వణుకు ఓ గుమాస్తాకి వచ్చి, అతను రైల్వే కంపెనీ మీద దావా వేస్తే? గాయపడ్డ మనసుకు వైద్యం ఎలా చెయ్యాలన్న చర్చ మొదలైంది ఆసుపత్రిలో కాదు, కోర్టులోనే అని నాకనిపిస్తుంది.

1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సెన్ ఇలాంటి కేసుల మీద పుస్తకం వేశాడు. కుదుపుకి వెన్నుపాము దెబ్బతింటుందని, పైకి ఏమీ కనిపించకపోయినా లోపల జబ్బు ఉంటుందని ఆయన వాదన. దీనికి జనం పెట్టిన పేరు 'రైల్వే స్పైన్'. 1883లో హెర్బర్ట్ పేజ్ దీన్ని కొట్టిపారేశాడు. వెన్నుకేమీ కాలేదు, ఆ లక్షణాలు తెప్పించడానికి భయం ఒక్కటే చాలు అన్నాడు. పరిహారం మీద ఆశ కూడా వాటిని పెంచుతుందన్నాడు. ఇంతకీ పేజ్ ఎవరు? ఓ రైల్వే కంపెనీ సర్జన్. తమాషా ఏమిటంటే, మనసు సంగతి పట్టుకున్నది కంపెనీ డాక్టరే. కానీ 'మనసుది' అంటే చాలు, 'లేనిది' అని వినబడే కాలం అది.

జర్మనీలో ఇదే కథ చట్టంగా నడిచింది. 1884లో బిస్మార్క్ కార్మికులకు ప్రమాద బీమా తెచ్చాడు. 1889లో హెర్మన్ ఓపెన్‌హైమ్ 'ట్రమాటిక్ న్యూరోసిస్' అనే పేరుతో పుస్తకం రాశాడు, బీమా కార్యాలయం దానికి పరిహారం ఒప్పుకుంది. ఇక మొదలైంది గొడవ. జబ్బుకి కారణం ప్రమాదం కాదు, పెన్షనే అన్నారు తోటి డాక్టర్లు. చివరికి 1926లో ఆ ఒప్పుకోలు రద్దయిపోయింది.

1961లో బ్రిటిష్ న్యూరాలజిస్టు హెన్రీ మిల్లర్ అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. తలకు దెబ్బ తగిలి పరిహారం కోరుతున్న 200 మందిని చూశాడు. వాళ్లలో 50 మందిని సెటిల్‌మెంట్ తర్వాత కూడా గమనించి, దాదాపు అందరూ కోలుకున్నారన్నాడు. అంటే డబ్బు చేతికొస్తే జబ్బు పోతుందన్నమాట! ఈ మాట లాయర్ల నోట్లో చాలాకాలం నానింది. 1982లో ఆస్ట్రేలియా సైకియాట్రిస్టు జార్జ్ మెండెల్‌సన్, తీర్పు వచ్చాక కూడా చాలామంది బాగుపడలేదని చూపించాడు.

గమనించారా? వందేళ్ల పాటు అడిగింది ఒకే ప్రశ్న: వీడు నిజం చెబుతున్నాడా? వీడికి ఏం చేస్తే తగ్గుతుంది అని అడిగినవాళ్లు తక్కువ.

1980లో డీఎస్ఎమ్-3లో పీటీఎస్‌డీ చేరింది. జబ్బుకి పేరు దొరికింది కాబట్టి వైద్యాన్ని పరీక్షకు పెట్టడం కుదిరింది. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుడితో అంతా చెప్పించేస్తే మంచిదని అప్పట్లో గట్టి నమ్మకం. వినడానికి మనకూ సబబుగానే ఉంటుంది. కానీ ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాద బాధితుల మీద జరిగిన అధ్యయనం 2000లో ఇంకోలా తేల్చింది. మొదట్లో బాగా కలత పడ్డవాళ్లలో, అలా చెప్పించినవాళ్లే మూడేళ్లకి కూడా కోలుకోలేదు, వదిలేసినవాళ్లు నయం. 2005లో బ్రిటన్ గైడ్‌లైన్, ఆ ఒక్కరోజు సిట్టింగు అందరికీ ఇవ్వొద్దంది. 2007 నాటి ఆస్ట్రేలియా గైడ్‌లైన్ కూడా, ఆ జ్ఞాపకాన్ని నేరుగా, పద్ధతిగా ఎదుర్కొనే చికిత్సలనే ముందు పెట్టింది. మంచి మనసుతో చేసే హాని కూడా హానే. గైడ్‌లైన్ల వల్ల నాకర్థమైన మొదటి సంగతి అదే.

విక్టోరియా రాష్ట్రంలో ప్రమాద బీమా సంస్థలు తమ క్లయింట్లకు వైద్యం చేసేవాళ్ల కోసం ఐదు సూత్రాలు రాసుకున్నాయి: ఫలితాన్ని కొలవాలి, శరీరం, మనసు, చుట్టూ ఉన్న బతుకు మూడింటినీ చూడాలి, మనిషి తన బాగోగులు తానే చూసుకునేలా చెయ్యాలి, పనిలోకి, నలుగురిలోకి తిరిగి రావడం లక్ష్యం కావాలి, ఉన్నవాటిలో మేలైన పరిశోధన మీద ఆధారపడాలి.

వీటిలో ఏది తప్పు? ఏదీ కాదు. కానీ ఫీజు కట్టేది బీమా సంస్థ, రిపోర్టు కోరేదీ అదే. 'కొలవండి' అన్న మాట సైకాలజిస్టు చేతిలో థర్మామీటర్, క్లెయిమ్స్ ఆఫీసులో కత్తెర. గైడ్‌లైన్ చాలామంది మీద ఏది పనిచేసిందో చెబుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషేమో ఆ చాలామందిలో ఒకడు కావచ్చు, కాకపోవచ్చు. అది చూసి చెప్పాల్సింది సైకాలజిస్టే. అయినా నేను గైడ్‌లైన్ పక్షమే. ఎందుకంటే అది రోగిని బోనులోంచి దింపి, వైద్యాన్ని ఎక్కించింది. రుజువు చేసుకోవాల్సిన భారం ఇప్పుడు చికిత్సది.

మన 1923 కార్మిక పరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం అని ఉండేది. రైలెక్కాలంటే వణికే మనిషికి అందులో గడి లేదు. డికెన్స్ వచ్చి అడిగినా, ఏ గుమాస్తా ఆయన పేరు ఎక్కడ రాసేవాడు?