1953వ సంవత్సరం: ఒక సింహావలోకనం

శతవార్షికోత్సవం అంటే నూరేళ్ల లెక్క చూసుకోవడం. ఆ నూరేళ్లనూ ఒక్క వ్యాసంలో చెప్పడం మా శక్తికి మించిన పని. అందుచేత ఒకే ఒక సంవత్సరాన్ని తీసుకుని పాఠకుల ముందు ఉంచదలిచాము. అది 1953. ఎనభై దాటిన మన పెద్దలను అడిగితే దానిని ఎవరెస్టు ఎక్కిన యేడనో, దేవదాసు సినిమా వచ్చిన యేడనో, కర్నూలు రాజధాని అయిన యేడనో గుర్తుకు తెచ్చుకుంటారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడగా మాకు ఒక సంగతి తోచింది. పైకి పేరు వచ్చిన ప్రతిచోటా కింద బరువు మోసినవారు ఉన్నారు. వారిని కూడా తలచుకుంటే తప్ప ఆ యేటి చరిత్ర పూర్తి కాదు.

ముందుగా ఆనాటి మన ప్రాంతం ఎలా ఉండేదో చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. 1953 నాటికి దానికి మూడేళ్లు. విజయనగరం పట్టణం ఇంకా విశాఖ జిల్లాలోనే ఉంది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం తాలూకాలు శ్రీకాకుళం జిల్లావి. విజయనగరం జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. మనదంతా మద్రాసు రాష్ట్రమే. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మద్రాసులో అచ్చయి రైలెక్కి మన ఊళ్లకు వచ్చేవి. విశాఖలో ఆకాశవాణి కేంద్రం ఇంకా పెట్టలేదు. బెజవాడ కేంద్రం మొదలై అయిదేళ్లయింది. రేడియో ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. అక్కడ అరుగు మీద చేరి వినేవారు విని, విననివారికి చెప్పేవారు.

అలా విన్న లోకవార్తలు ఆ యేడు చాలా పెద్దవి. మార్చి 5న సోవియట్ నాయకుడు స్టాలిన్ మరణించాడు. జూలై 27న కొరియాలో మూడేళ్ల యుద్ధం ఆగింది. స్వదేశానికి తిరిగి వెళ్లమన్న ఖైదీలు 22 వేలకు పైగా మిగిలారు. వారి వ్యవహారం చూడడానికి ఏర్పడిన తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడయ్యాడు. ఆ ఖైదీలకు కాపలా కాయడానికి మన సైనికులే సముద్రాలు దాటి వెళ్లారు. స్వతంత్రం వచ్చి ఆరేళ్లయినా నిండని దేశాన్ని నమ్మి ఆ పని అప్పగించడం చిన్న విషయం కాదు. సెప్టెంబరులో విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు అధ్యక్షురాలిగా ఎన్నికైంది. ఆ పీఠమెక్కిన తొలి మహిళ ఆమే.

ఇక ఎవరెస్టు మాట. మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఆ శిఖరం మీద కాలు పెట్టారు. జూన్ 2న లండనులో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం. సరిగ్గా ఆ ఉదయమే ఈ వార్త అక్కడి పత్రికల్లో వచ్చింది. ఇద్దరిలో ముందు ఎవరు కాలు పెట్టారని లోకమంతా వాదించుకుంది. టెన్సింగ్ అంతకు ముందు ఆరుసార్లు ఆ కొండ మీదికి బయలుదేరి వెనుదిరిగిన మనిషి. మొదట్లో పరుల సామాను మోసే మోతగాడిగానే వెళ్లాడు. 1953 యాత్రలో కూడా మూడు వందల మందికి పైగా మోతగాళ్లు మూటలెత్తుకుని కొండదారి పట్టారు. చరిత్ర పుస్తకాల్లో ఉన్నవి రెండు పేర్లు. ఆ మూటలు కొండ దాకా చేరకపోతే ఆ రెండు పేర్లూ లేవు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. 1953 అక్టోబరు 1న కర్నూలులో పండిత నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రి. మన విశాఖ ప్రాంతపు తెన్నేటి విశ్వనాథంగారు ఆయన మంత్రివర్గంలో ఉన్నారు. పదకొండు జిల్లాల ఆ రాష్ట్రానికి ఉత్తరపు కొస మన శ్రీకాకుళం. కర్నూలులో భవనాలు చాలక కచేరీలను డేరాల్లో నడిపారు. మనవాళ్లు రాజధానికి పోవాలంటే మద్రాసుకు వెళ్లినట్టు ఒక్క బండిలో పోయే వీలు లేదు. బెజవాడలో దిగి మీటరుగేజి బండి పట్టుకోవాలి.

ఈ రాష్ట్రం ఊరికే రాలేదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తరువాత, డిసెంబరు 15 రాత్రి, ఆయన ప్రాణం పోయింది. నాలుగు రోజులకు రాష్ట్ర ప్రకటన వచ్చింది. ఆయన అంతకు ముందు నెల్లూరులో హరిజనుల ఆలయ ప్రవేశం కోసం కూడా ఉపవాసం చేసిన మనిషని చాలామందికి తెలియదు. అన్నం మానేసి ఇతరుల కోసం నిలబడడం ఆయనకు రాష్ట్రం విషయంలో కొత్తగా అబ్బిన గుణం కాదు.

వచ్చిన రాష్ట్రం కూడా సగం కోరికే. మద్రాసు దక్కలేదు. ఉత్తరాన పర్లాకిమిడి, బరంపురం 1936లోనే ఒరిస్సాలో కలిసిపోయాయి. అక్కడి తెలుగువారు 1953లోనూ అవతలే ఉండిపోయారు. నౌపడలో బయలుదేరే చిన్న రైలు టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి పోయేది. పట్టాలు ఒకటే, రాష్ట్రాలు రెండు. ఇటు ఆడపిల్లను అటు ఇచ్చినవారు ఆ రైల్లోనే రాకపోకలు సాగించారు. సంబరాల వార్తల్లో ఈ కుటుంబాల ఊసు లేదు.

ఆ యేటి పాట గురించి చెప్పకపోతే ఈ వ్యాసం చప్పగా ఉంటుంది. జూన్ నెలాఖరులో దేవదాసు విడుదలైంది. నాగేశ్వరరావు, సావిత్రి నటించారు. ఘంటసాల పాడారు. ఆయన పుట్టింది కృష్ణా జిల్లాలో. ఆయన గొంతు తయారైంది మాత్రం మన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. 1919లో పుట్టిన ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు, ఆ తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చిన ఆ కుర్రవాడిని పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. సాలూరు చినగురువుగారంటే ఆయనే. తానూ కలిగినవారు కారు. శిష్యుడు విజయనగరం వీధుల్లో మధుకరం ఎత్తుకుని తిని నేర్చుకున్నాడు. ఒక్కొక్క ముద్ద వేసిన ఆ ఇళ్ల తల్లుల పేర్లు ఎవరికీ తెలియవు. పొట్టి శ్రీరాములుగారి అంతిమయాత్రలో గొంతెత్తి పాడినవారిలోనూ ఈ ఘంటసాల ఉన్నారు.

దేవదాసుకు బాణీలు కట్టిన సుబ్బురామన్ ఆ జయజయధ్వానాలు వినలేదు. సినిమా విడుదలకు ఏడాది ముందే, ముప్పయ్యేళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. మిగిలిన పనిని ఆయన దగ్గర పనిచేసిన విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. ఆ యేడే వచ్చిన కన్నతల్లి చిత్రంలో ఒక కొత్త ఆడగొంతు వినబడింది. ఆమె విజయనగరంలో పుట్టి, ఆ కళాశాలలోనే సంగీతం నేర్చిన పి. సుశీల. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. మద్రాసు మనది కాకుండా పోయిన యేడే, మద్రాసు స్టూడియోలలో మన విజయనగరం గొంతులు పలికాయి. డేరా టాకీసుల్లో నేల టిక్కెట్టు మీద కూర్చుని మనవాళ్లు వాటిని విన్నారు.

ఇదీ మేము చూసిన 1953. శిఖరం మీద ఇద్దరు, కొండదారిలో మూడు వందల పైచిలుకు మోతగాళ్లు. కర్నూలు వేదిక మీద నాయకులు, మద్రాసులో ఆరిపోయిన ఒక ప్రాణం. తెర మీద పేర్లు, విజయనగరం వీధుల్లో ముద్ద వేసిన చేతులు. పైనున్నవారిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. వారి కష్టం వారిది. అయితే కిందివారిని మరిచిపోవడం మనం చేసే తప్పు. దానిని దిద్దుకోవడం మన చేతిలోనే ఉంది.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ ఇంట ఆ యేడు ఎరిగిన పెద్దలు ఇంకా ఉంటే ఈ వారమే వారి పక్కన కూర్చోండి. ఆ రోజుల్లో ఎవరు తమకు అన్నం పెట్టారో, ఎవరు అక్షరం నేర్పారో, ఎవరి భుజం మీద తాము నిలబడ్డారో అడగండి. చెప్పిన పేర్లు ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఇలాంటి సంచికల్లో ఫొటోలు పడినవారిని ముందు తరాలు ఎలాగూ చూస్తాయి. ఫొటో లేనివారికి మిగిలేది ఆ కాగితమే.